సాక్షి ఎద్దు

ఎద్దులు రెండుంటేనే జత అవుతుందన్న మహాసత్యాన్ని ప్రభుత్వం పంతొమ్మిది వందల ఎనభయ్యో సంవత్సరంలో కనిపెట్టింది. అంతకు ముందు ఈ సంగతి రైతులకు తెలుసు, ఎద్దులకు తెలుసు, కాడిమానుకు కూడా తెలుసు. కానీ అధికారికంగా ఎవరికీ తెలియదు. కనిపెట్టాక ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. (కూర్చుని ఉంటే ఇదంతా జరిగేది కాదు.) వెంటనే ఆళ్లగడ్డలో ఒక కార్యాలయం తెరిచి, దానికి తాలూకా జతల కార్యాలయం అని పేరు పెట్టి, రెండు గదులూ, ఒక గుమాస్తా, ఒక నౌకరు, ముందు బోలెడంత ఖాళీ జాగా ఇచ్చి, 'ఒంటెద్దు జత పథకం' మొదలుపెట్టేసింది.

పథకం మొదటి వాక్యం గోడమీద పెద్ద అక్షరాలతో రాసి ఉండేది: 'తాలూకాలోని ప్రతి ఒంటెద్దుకును జత సమకూర్చుట.' రైతు సగం ధర కట్టాలి, మిగతా సగం ప్రభుత్వం సబ్సిడీ. ఎద్దును మాత్రం కార్యాలయమే నంద్యాల సంతలో కొనిస్తుంది. ఆ గోడమీది వాక్యాన్ని చదివిన వాళ్లంతా మెచ్చుకున్నారు. పూర్తిగా చదివిన వాళ్లు మాత్రం తక్కువ.

రేగళ్లపల్లె శేషయ్యకు మూడెకరాల నల్లరేగడి, ఒక భార్య, ఒక ఎద్దు ఉన్నాయి. ఎద్దు పేరు మైలోడు. దాని జత కర్రోడు పోయినేడు తొలకరికి ముందే గొంతువాపు వచ్చి చచ్చిపోయింది. అప్పటినుంచి శేషయ్య, పక్క చేను ఇస్సాకు కలిసి సేద్యం చేస్తున్నారు. ఇస్సాకుదీ ఒంటెద్దే. రెండిటినీ ఒకే కాడికి కట్టి, ఒక దినం ఇస్సాకు చేను, ఒక దినం శేషయ్య చేను. మాట బాగానే ఉంది. కానీ నల్లరేగడికి మనుషుల ఒప్పందాలు పట్టవు. తొలకరి వాన పడి, బురద ఆరి, నేల మడకకు లొంగే పదునులో ఉండేది రెండు పొద్దులే. ఆ తర్వాత అది భూమి కాదు, బండ. పోయినేడు శేషయ్య వంతు వచ్చేసరికి పదును పోయింది. సగం చేనులో కొర్ర, సగం చేనులో నెర్రెలు.

"ఈసారి మన ఎద్దులు మనకుండాల," అంది భార్య యశోదమ్మ. "నెర్రెల్లో చెయ్యి పెట్టి తేళ్లను లెక్కబెట్టుకుంటా ఇంకో ఏడు కూచోలేను నేను."

అందుకని కందులమ్మిన దుడ్లు తీసుకొని, శేషయ్య ఆళ్లగడ్డ బస్సెక్కాడు.

కార్యాలయ గుమాస్తా రామానుజానిది అహోబిలం. గుడి సేవలో ఉన్న కుటుంబం. మనిషి మెత్తన, నామం సన్నన, నిబంధనలు కంఠస్థం. శేషయ్య వాటా తీసుకుని, రసీదు ఇచ్చి, ఎంతో ఆప్యాయంగా అయిదో నిబంధన వినిపించాడు: 'దరఖాస్తుదారుని ఎద్దు పని చేయుచుండగా అధికారి కళ్లారా చూడవలెను.'

"ఒక్కెద్దు ఎట్ల పని చేస్తుంది సామీ?" అన్నాడు శేషయ్య.

"అది నిబంధనలో లేదప్పా."

"పక్కన ఇంకో ఎద్దును కడితే చేస్తుంది."

"అట్ల కడితే నీకు జత ఉన్నట్టు. జత ఉన్నోనికి పథకం లేదు."

శేషయ్య తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "అంటే, ఒక్కెద్దుతో దున్నలేను గనక సబ్సిడీ ఇస్తారు. ఒక్కెద్దుతో దున్నేది చూపిస్తేనే సబ్సిడీ ఇస్తారు. అంతేనా?"

రామానుజం మొహం వెలిగిపోయింది. "బాగా పట్టుకుంటివి! చానామందికి రెండుసార్లు చెప్పాల్సొస్తాంది."

అయితే రామానుజం చెడ్డవాడు కాదు. గొంతు తగ్గించి ఒక ఉపాయం కూడా చెప్పాడు. అధికారి జీపు దిగడు. దారిమీది నుంచే చూస్తాడు. ఇస్సాకు ఎద్దును అవతలి పక్క కట్టి, జీపుకు అడ్డంగా తోలితే, మైలోడు చాటున అది కనపడదు. కాళ్లు మాత్రం ఎనిమిది కనపడతాయి. కానీ కాళ్లు లెక్కపెట్టమని నిబంధనల్లో ఎక్కడా లేదు.

శేషయ్య సంతోషంగా ఇంటికొచ్చి ఇస్సాకుకు చెప్పాడు.

"నా ఎద్దు చాటున నిలబడితే నీకు ఎద్దొస్తుంది," అన్నాడు ఇస్సాకు. "మరి నాకేమొస్తుంది శేషన్నా?"

"నాకొచ్చినాక నువ్వూ దరఖాస్తు పెట్టప్పా. అప్పుడు మైలోన్ని నీ ఎద్దు చాటున నిలబెడతా."

"సరే. నీకొస్తే నేనూ పెడతా. నీకు రాకుంటే, దరఖాస్తు పెట్టని నేనే తెలివైనోన్ని."

తనిఖీ తేదీ వచ్చింది. తేదీని నిర్ణయించింది రామానుజమే. అధికారి వరదరాజులు గారు కోస్తా నుంచి బదిలీ మీద నంద్యాల వచ్చిన కొత్త మనిషి. జతల పర్యవేక్షణాధికారి అని బోర్డు. జీపుకు ఒక్కో ఊరికీ ఏడాదికి ఒక్కసారే డీజిలు. ఆ ఒక్కసారిలో అహోబిలం దర్శనం కూడా కలిసొచ్చేలా చూడమని ఆయన మెల్లగా సెలవిచ్చారు. రామానుజానికి కూడా ఆ దినం రేగళ్లపల్లెలో సొంత పని ఉంది. అన్నీ కలిసొచ్చాయి. ఒక్క ఎద్దులు తప్ప.

కనుమ దాటాక అహోబిలం నరసింహస్వామి పార్వేటకు బయల్దేరతాడు. ఉత్సవమూర్తుల రూపంలో పల్లకీ ఎక్కి, కొండ కిందున్న పల్లెలన్నీ తిరిగి, తన పెళ్లికి రమ్మని జనాన్ని తానే పిలిచి వస్తాడు. ఏ ఊళ్లో ఏ దినం ఉండాలో ఎప్పటినుంచో ఉన్న ఏర్పాటు. ఊరూరా స్వామి దిగడానికి ఒక అరుగు ఉంటుంది. పల్లకీ మోసే బోయీలకు డీజిలు అక్కర్లేదు. స్వామి ఊళ్లో ఉన్న దినం రేగళ్లపల్లెలో ఒక్క ఎద్దు మెడమీద కూడా కాడి పడదు. అంతకు మించిన నిబంధన ఆ ఊళ్లో ఇంకోటి లేదు.

వరదరాజులు గారు పొద్దున్నే జీపులో అహోబిలం పోయారు. "ఉత్సవమూర్తులేవీ?" అని అడిగితే "క్యాంపులో ఉన్నారు" అని జవాబొచ్చింది. (ఆయన జీవితంలో ఈ మాట ఇతరులకు ఎన్నోసార్లు చెప్పించారు గానీ, తాను వినడం అదే మొదలు.) కొంచెం నొచ్చుకుని వెనక్కి తిరిగి, మధ్యాహ్నానికి రేగళ్లపల్లె చేరితే, అరుగుమీద స్వామి ఉన్నాడు. చుట్టూ జనం. చామరం వీస్తూ పల్లకీ పక్కన రామానుజం.

అధికారి కళ్లకద్దుకుని తీర్థం తీసుకున్నారు. తర్వాత ఊరంతా కలయజూశారు. చింతచెట్ల కింద, దొడ్ల ముందు, సందుల్లో, ఎక్కడ చూసినా ఎద్దులు. కడిగిన ఒళ్లు, కొమ్ములకు రంగులు, మెడల్లో గంటలు. సగం నెమరేస్తున్నాయి. సగం నిద్రపోతున్నాయి.

"ఏంటయ్యా ఇది? ఒక్కటీ పని చెయ్యట్లేదేంటి?"

"సామొచ్చిండాడు సార్. ఈ దినం కట్టం," అన్నాడు శేషయ్య.

"నేనొస్తున్నానని మీకు నోటీసు రాలేదా?"

"వొచ్చె సార్. కానీ సామి నోటీసు ముందొచ్చె."

"ఎప్పుడొచ్చింది?"

"మా తాత కాలంలో సార్."

వరదరాజులు గారు దీన్ని వెటకారం అనుకున్నారు. పాపం, అది వట్టి సమాచారం. "నీ ఎద్దేది?"

శేషయ్య చూపించాడు. మైలోడు కళ్లు మూసుకుని, ఆ దినం తనకు దక్కిన గౌరవాన్నంతా నెమరేస్తోంది.

"పాపం, దాన్నొక్కసారి కట్టి నాలుగడుగులు తోలరాదూ? నేను రాసేసుకుంటాను."

శేషయ్య కాడి వైపు చూశాడు, పల్లకీ వైపు చూశాడు. యశోదమ్మ వెనక నుంచి అంది: "ఎద్దు లేకున్నా బతుకుతాం సార్. ఈ దినం కడితే మాత్రం ఊళ్లో బతకలేం."

అధికారి నివేదిక రాశారు. అది ఆ కార్యాలయంలో ఇప్పటివరకూ వచ్చిన నివేదికలన్నిటిలోకీ అందమైనదని రామానుజం అంటాడు. 'రేగళ్లపల్లె గ్రామమున ఎద్దులకు బొత్తిగా పని లేదు. అవి పట్టపగలు అలంకరించుకొని నిద్రించుచున్నవి. యజమానులు వాటిని లేపుటకు సాహసించుట లేదు. ఇది ఎద్దుల మిగులు గ్రామము. ఇంకొక ఎద్దును ఇచ్చుట ప్రమాదకరము.'

అలా రేగళ్లపల్లె తాలూకాలో మొట్టమొదటి మిగులు గ్రామం అయింది. ఒంటెద్దుతో కుంటుతున్న ఊరికి ఇది గౌరవమే. పక్క ఊళ్ల వాళ్లు వచ్చి చూసిపోయారు.

శేషయ్య నంద్యాల పోయాడు. అధికారి కార్యాలయం వరండాలో బల్లమీద కూర్చుని, పిలిచేదాకా ఉన్నాడు. (పిలవరు. ఊరికే ఉంటే ఎవరో ఒకరు జాలిపడతారు. అది అక్కడి పద్ధతి.)

"ఆ దినం మా ఊళ్లో సామి ఉండె సార్."

"నేనూ దండం పెట్టుకున్నానుగా. నాకు తెలియదా?"

"సామి ఉండే దినం కట్టం సార్."

"ఆ మాట అప్పుడే చెప్పాలి."

"చెప్తిని సార్."

వరదరాజులు గారు నివేదిక తిరగేసి చూశారు. "ఇందులో లేదే!"

ఆయన రాసిందే. ఆయనే చదివారు. లేదు. ఇంక ఎవరేం చెయ్యగలరు?

"ఇంకోసారి వచ్చి చూడండి సార్. ఏ దినమైనా సరే."

"ఎలా వస్తామయ్యా? మీ ఊరి డీజిలు అయిపోయింది. మళ్లీ వచ్చే ఏడే."

"సామి జీపు లేకుండానే ఏటా వొస్తాడు సార్," అన్నాడు శేషయ్య. అని, అనకుండా ఉంటే బాగుండునని కూడా అనుకున్నాడు.

అధికారి కోప్పడలేదు. పెన్ను మూత పెట్టి, ఆలోచించి, తన ఉద్యోగ జీవితంలోనే అతి గొప్ప పరిష్కారం చెప్పారు. అధికారి ఎద్దు దగ్గరికి పోలేనప్పుడు ఎద్దే అధికారి దగ్గరికి రావాలి. ఆళ్లగడ్డ కార్యాలయం ముందు ఖాళీ జాగా ఉంది. అక్కడ దున్ని చూపిస్తే చాలు. ఆయన కుర్చీలో కూర్చుని కళ్లారా చూస్తారు.

"కానీ సార్, ఒక్కెద్దు..."

"ఆ వివరాలు గుమాస్తాతో మాట్లాడుకో."

రామానుజం రెండు దినాలు ఆలోచించాడట. జీపులోంచి చూసే అధికారికి ఒక ఎద్దును దాచొచ్చు. కుర్చీ వేసుకుని కూర్చున్న అధికారి చుట్టూ మడక తిరిగేటప్పుడు ఏ ఎద్దునూ దాచలేం. చివరికి ఆయనకు తోచింది: సాక్షి ఎద్దు. కోర్టులో సాక్షి కేసులో ఉంటాడు గానీ కక్షిదారు కాడు. అలాగే ఇస్సాకు ఎద్దు కాడిలో ఉంటుంది గానీ జతలో ఉండదు. అది వచ్చేది మైలోడు పని చేస్తోందని సాక్ష్యం చెప్పడానికి. మరీ దగ్గర్నుంచి చూస్తేనే సాక్ష్యం గట్టిగా ఉంటుంది కాబట్టి పక్కనే నిలబడుతుంది. నిలబడ్డాక మైలోడు నడిస్తే అదీ నడుస్తుంది. నడిచే సాక్షిని ఆపమని ఏ నిబంధనా చెప్పదు.

"నా ఎద్దు కోర్టెక్కుతాందన్నమాట," అన్నాడు ఇస్సాకు. "మా వంశంలో ఇదే మొదటిది."

తేదీ కోసం శేషయ్య ఎండాకాలమంతా ఎదురుచూశాడు. తేదీ వచ్చింది. దానికంటే ముందు వాన వచ్చింది.

నల్లమల మీద కమ్ముకుని, ఊరిమీద కుమ్మరించి, తెల్లారేసరికి వెలిసింది. ఒక పొద్దు ఆరింది. మరుసటి పొద్దున నేల పదునుకొచ్చింది. పాదం పెడితే కాస్త దిగి, తీస్తే అంటుకోకుండా వదిలే పదును. రేగళ్లపల్లె మొత్తం మడకలు, గొర్రులు ఎత్తుకుని చేలమీద పడింది. ఆ పొద్దే శేషయ్య తేదీ.

"పోకు," అంది యశోదమ్మ. "ఈ దినం దున్నితే సగం చేనన్నా అవుతుంది."

"పోకుంటే దరఖాస్తు చచ్చిపోతుందంట."

"పోతే చేను చచ్చిపోతుంది."

"ఒక్క దినమే గదే. చూపిచ్చి, బేగా వొచ్చేస్తాం. ఎద్దొస్తే ఇంక ఎవరి వంతు కోసమూ చూడాల్సిన పని ల్యా."

ఇస్సాకు తన చేను వైపు చూసి, శేషయ్య మొహం వైపు చూసి, పలుపు విప్పాడు. కాస్త దూరం నడిచాక అన్నాడు: "శేషన్నా, ఊరంతా మనకెదురొస్తాంది. మనమిద్దరమే ఊరికెదురు పోతాండాం."

ఆళ్లగడ్డలో కార్యాలయం ముందు ఆ వాన పడనే పడింది. ఖాళీ జాగా అంతా మంచి పదునులో ఉంది. కుర్చీ వేశారు. బజారు నుంచి ఫోటోగ్రాఫరును పిలిపించారు. అధికారి కూర్చున్నారు. శేషయ్య మేడి పట్టాడు. ఇస్సాకు సాక్షి పక్కన నడిచాడు.

చెప్పుకోవాలంటే, చాలా గొప్పగా దున్నారు. శేషయ్యకు చెడ్డగా దున్నడం చేతకాదు, అదే వచ్చిన చిక్కు. నాలుగు చాళ్లు చాలునని అధికారి అన్నారు. ఫోటోగ్రాఫరు ఎండ ఎదురుగా ఉందని ఇంకో నాలుగు అడిగాడు. నాలుగు చాళ్లు పని అనిపించుకుంటుందా, వినోదం అనిపించుకుంటుందా అని రామానుజానికి అనుమానం వచ్చి ఇంకొన్ని అడిగాడు. 'పని చేయుచుండగా' అంటే మధ్యలో ఆగకూడదని అధికారి భోజనానికి పోతూ చెప్పారు. ఆయన తిరిగొచ్చేదాకా దున్నుతూనే ఉన్నారు. పొద్దు వాలేసరికి గేటు నుంచి గోడదాకా ఒక్క గడ్డ మిగల్లేదు. ఆ ఏడు ఆళ్లగడ్డ తాలూకాలో అంత శుభ్రంగా దున్నిన నేల ఇంకోటి లేదు.

"బ్రహ్మాండం!" అన్నారు వరదరాజులు గారు. "కళ్లారా చూశాను." సంతకం పెట్టేశారు.

మరుసటి దినం ఇస్సాకు వంతు. అతనికి సగం చేను దక్కింది. ఆ మరుసటి దినం శేషయ్య వంతు. మడక దించితే కర్రు నేలమీద గీత గీసుకుంటూ పోయింది తప్ప లోపలికి దిగలేదు. యశోదమ్మ గట్టుమీద కూర్చుని విత్తనాల మూట మళ్లీ ముడేసుకుంది. శేషయ్యకు ఆమె ఏదైనా అంటేనే బాగుండుననిపించింది.

"పోనీలే," అన్నాడు. "ఎద్దు వస్తాది గదా. వెనక వానలకు మన జత మనకుంటుంది."

ఎద్దు మంజూరయింది. నిజంగానే. నంద్యాల సంతలో కొన్నారు. మంచి ఎద్దు, నిండు మూపురం. శేషయ్య తలగుడ్డ చుట్టుకుని ఆళ్లగడ్డ పోయేసరికి, అది కార్యాలయం ముందు గుంజకు కట్టేసి ఉంది. దాని ముందు జాగా అంతా పచ్చగా ఉంది. అంత మంచి పదును ఊరికే పోతుందని నౌకరు కొర్ర చల్లాడట. పక్కన కొత్త బోర్డు: 'ఆదర్శ క్షేత్రము.'

శేషయ్య దాని గంగడోలు నిమిరి, పలుపు మీద చెయ్యి వేశాడు.

"ఉండప్పా," అన్నాడు రామానుజం. ఆయన మొహంలో నిజమైన బాధే ఉంది. పదకొండో నిబంధన చదివి వినిపించాడు: 'ఏ భూమియందు ఎద్దు పని చేయుచుండగా అధికారి చూచెనో, సబ్సిడీ ఎద్దు ఆ భూమికే చెందును.' రైతులు ఒక చేను చూపించి ఇంకో చేనుకు ఎద్దును తోలుకుపోతున్నారని పెట్టిన నిబంధన. "సార్ చూసింది ఈ భూమిలో గదా."

"ఇది ఆఫీసు గదా సామీ."

"అందుకే ఎద్దు ఆఫీసుకొచ్చె."

శేషయ్య కొర్ర మొలకల వైపు చూశాడు. అవి ఆయన దున్నిన చాళ్లలో, ఆయన చేతి వంకరతో సహా, వరసగా నిలబడి ఉన్నాయి. "మరి నేను కట్టిన దుడ్లు?"

"భద్రంగా ఉండాయి. యాడికీ పోలేదు. ఆ ఎద్దులోనే ఉండాయి."

ఇక్కడితో అయిపోతే వేరు. కొర్రలో కలుపు లేచింది. గుంటక తోలాలి. ఆఫీసు ఎద్దు ఒక్కటే. ఒక్కెద్దు గుంటక లాగదు. ప్రభుత్వం కష్టపడి కనిపెట్టిన సత్యం ఇలా తిరిగి తిరిగి దాని గడపలోకే వచ్చింది. వరదరాజులు గారు తాలూకాలోని ఒంటెద్దుల జాబితా తెప్పించి చూశారు. పని చేస్తుండగా తాను కళ్లారా చూసిన ఒంటెద్దు ఒక్కటే ఉంది.

నోటీసు శేషయ్య ఇంటికి వచ్చింది. మైలోన్ని ఆళ్లగడ్డ కార్యాలయానికి అప్పగించాలి. అప్పగించకుంటే కట్టిన వాటా రద్దు. అప్పగిస్తే మేత ప్రభుత్వానిదే.

"సాక్షిగానా?" అని ఇస్సాకు అడిగాడు.

"కాదు," అన్నాడు శేషయ్య. "ఈసారి జతగా."

శేషయ్య మైలోన్ని తోలుకుపోయాడు. ఆ దినమే కాడికి కట్టి చూశారు. రెండిటికీ ఎత్తు సరిపోయింది. నడక కుదిరింది. అధికారి ముచ్చటపడి ఇంకో ఫోటో తీయించారు. అందులో శేషయ్యను కాస్త పక్కకు నిలబడమన్నారు, చట్రంలోకి అడ్డం వస్తున్నాడని.

పొద్దుగూకి ఇంటికొస్తే యశోదమ్మ గడపలో ఉంది.

"మైలోడు యాడ?"

"ఆళ్లగడ్డలో. దానికి జత దొరికె."

"మరి నీకు?"

"నేనూ అదే అడిగితి. రామానుజం సామి గోడమీద రాసింది మొదటినుంచి చివరిదాకా చదివి వినిపిచ్చినాడు. పాపం, రెండుసార్లు చదివినాడు." శేషయ్య తలగుడ్డ విప్పి కొయ్యకు తగిలించాడు. "అందులో ఎద్దు పేరుంది గానీ మన పేరు ల్యా."